పాత డబ్బాల్లో ఇంటి తోట: తరచుగా అడిగే ప్రశ్నలు

బకెట్లు, డబ్బాలు, సీసాలు, బస్తాలతో తోట మొదలుపెట్టేవాళ్లకు వచ్చే సందేహాలు చాలావరకు ఒక్కటే. డబ్బా రంగు, ఆకారం గురించి అడిగేవాళ్లే ఎక్కువ. మొక్కకు మాత్రం కావలసినవి రెండే: వేళ్లకు చాలినంత మట్టి, ఎక్కువైన నీరు పోయే దారి. కింది జవాబులు చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. దశలవారీగా పెట్టాం, ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు.

## డబ్బా ఎంచుకునేటప్పుడు

ఏ ప్లాస్టిక్ డబ్బాల్లో తినే మొక్కలు పెంచొచ్చు?

డబ్బా తిరగేస్తే అడుగున త్రికోణంలో ఒక అంకె కనిపిస్తుంది. 2, 4, 5 ఉన్నవాటిని నిశ్చింతగా వాడొచ్చు. షాంపూ సీసాలు, పెరుగు డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు ఎక్కువగా ఈ రకాలే. 1 అంటే నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు. ఇవీ పనికొస్తాయి కానీ ఎండకు త్వరగా పెళుసెక్కుతాయి, ఒకటి రెండు ఆకుకూర పంటలకే ఉంచుకోండి. 3 అంటే పీవీసీ, 6 అంటే పాలీస్టైరిన్. ఈ రెండూ తినే మొక్కలకు వద్దు. థర్మకోల్ పెట్టె కూడా 6 రకమే, నారు పోసుకోవడం వరకు వాడుకోండి. 7 కింద ఎన్నో రకాల ప్లాస్టిక్‌లు కలిసి ఉంటాయి కాబట్టి వాటిని పూలమొక్కలకు వదిలేయండి. అంకె కనపడకపోతే అందులో ముందు ఏముందో చూసి నిర్ణయించండి. తినే వస్తువు అమ్మిన డబ్బా అయితే పరవాలేదు.

పెయింటు బకెట్ బాగా కడిగితే సరిపోతుందా?

నీటితో కలిపే ఎమల్షన్ పెయింటు అయితే లోపలి పొర పూర్తిగా ఎండాక పొరలు పొరలుగా ఊడివస్తుంది. అంతా గీకి, సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడిగితే పూలమొక్కలకు చక్కగా పనికొస్తుంది. బూజు పట్టకుండా పెయింటులో కలిపే మందులు ఉంటాయి కాబట్టి కూరగాయలకు మాత్రం ఆహారం ఉంచిన బకెట్ వెతుక్కోవడమే మేలు. ఎనామిల్, వార్నిష్, ఇంజిన్ ఆయిల్, యాసిడ్, పురుగుమందు పట్టిన డబ్బాలను ఎంత కడిగినా ఏ మొక్కకూ వాడొద్దు.

పాత టైర్లు, చెక్క పెట్టెలు వాడొచ్చా?

టైరు రబ్బరులో జింకు, ఇతర రసాయనాలు ఉంటాయి, అవి మెల్లగా మట్టిలోకి దిగుతాయి. పూలకు సరే, కూరలకు వద్దు. సరుకు రవాణా చెక్కల మీద అంతర్జాతీయ ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అక్షరాలు ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క, వాడొచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించినది, తీసుకోవద్దు. ఆకుపచ్చ ఛాయ ఉన్న, పురుగు పట్టకుండా మందు పట్టించిన పాత చెక్కలో ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉంది. అనుమానం ఉన్న చెక్కను పక్కన పెట్టేయండి.

రేకు డబ్బా తుప్పు పడితే మొక్కకు హాని జరుగుతుందా?

ఇనుప తుప్పు మొక్కకు హాని చేయదు. అసలు ఇబ్బంది వేడి: ఎండ తగిలే పక్కన రేకు కాలిపోయి దానికి ఆనుకున్న వేళ్లు మాడతాయి. నీడ పడే చోట పెట్టండి, లేదా లోపలి గోడకు అట్టముక్క చుట్టి మట్టి నింపండి. రాగి పాత్రలు వేళ్లకు పడవు. పాతకాలపు రంగు వేసిన రేకులో సీసం ఉండొచ్చు, రంగు పెచ్చులూడుతున్న డబ్బాని అసలు తాకొద్దు.

ఏ మొక్కకు ఎంత డబ్బా కావాలి?

అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. చిన్న డబ్బాలో పెద్ద మొక్క పెడితే చచ్చిపోదు, అలాగని కాయదు కూడా. రెండు లీటర్ల సీసాలో టమాటా నాలుగు కాయలు కాసి ఆగిపోతే అది విత్తనం లోపం కాదు.

- పాలకూర, మెంతికూర, తోటకూర: 15 సెం.మీ. లోతు చాలు, వెడల్పు ఎంత ఉంటే అంత మంచిది. పాత టబ్బులు, ట్రేలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి.
- కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలు: 15–20 సెం.మీ. పుదీనాకు వేరే డబ్బా ఇవ్వండి, పక్క మొక్కను బతకనివ్వదు.
- ముల్లంగికి 20 సెం.మీ., క్యారెట్‌కు 30 సెం.మీ. లోతు.
- మిరప: మొక్కకు 10–12 లీటర్లు.
- బెండ: మొక్కకు 12–15 లీటర్లు, లోతు 30 సెం.మీ.
- టమాటా, వంగ: మొక్కకు 15–20 లీటర్లు. అంటే ఒక బకెట్‌లో ఒకటే మొక్క.
- కాకర, బీర, సొర: కనీసం 40 లీటర్లు. ఇంతకంటే చిన్న డబ్బాలో తీగ బాగానే పాకుతుంది, పిందెలే నిలవవు.

ప్లాస్టిక్ బస్తాల్లో పెంచొచ్చా?

నేసిన బస్తాలు బాగానే పనికొస్తాయి. నీరు పక్కలనుంచీ ఊరిపోతుంది కాబట్టి వేరుకుళ్లు భయం తక్కువ. అయితే నేరుగా ఎండ తగిలితే ఏడాది తిరక్కుండానే దారాలు పొడిపొడిగా రాలి మట్టిలో కలుస్తాయి. బస్తా అంచుని రెండు మూడు మడతలు బయటికి చుట్టి, పక్కలకు పాత గుడ్డ కప్పితే కొంతకాలం ఆగుతుంది. మట్టి నింపిన బస్తాని ఈడ్చొద్దు, ఎక్కడ ఉండాలో అక్కడే నింపండి.

గాజు సీసాలు పనికొస్తాయా?

మట్టితో పెంచడానికి పనికిరావు, నీరు పోయే దారి లేదు. పుదీనా కాడలకు నీళ్లలో వేళ్లు తెప్పించడానికి వాడుకోండి. వెలుతురు తగిలితే నాచు పడుతుంది కాబట్టి సీసా చుట్టూ కాగితం చుట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి.

## బెజ్జాలు, మట్టి

ఎన్ని బెజ్జాలు పెట్టాలి, ఎంత పెద్దవి?

20 లీటర్ల బకెట్‌కు అడుగున 6–8 మి.మీ. బెజ్జాలు ఐదారు, వాటికి తోడు పక్క గోడకు అడుగునుంచి 2 సెం.మీ. ఎత్తులో మరో మూడు నాలుగు. పక్కవి ఎందుకంటే, బకెట్ నేలకు సమంగా ఆనితే అడుగు బెజ్జాలు మూసుకుపోతాయి. కింద రెండు చెక్కముక్కలో ఇటుక ముక్కలో పెట్టి 2 సెం.మీ. లేపితే ఇంకా మంచిది. ఒకటి రెండు లీటర్ల డబ్బాకు 5 మి.మీ. బెజ్జాలు మూడు చాలు.

బెజ్జం వేస్తుంటే డబ్బా పగిలిపోతోంది, ఏం చేయాలి?

పెళుసు ప్లాస్టిక్‌ని మేకుతో కొడితే చీలుతుంది. లావుపాటి మేకుని పట్టకారుతో పట్టుకుని కాల్చి గుచ్చండి, లేదా సోల్డరింగ్ ఐరన్ వాడండి. ఆ పొగ పీల్చకూడదు, ఆరుబయట గాలికి ఎదురుగా నిలబడకుండా చేయండి. డ్రిల్ అయితే కింద చెక్కముక్క ఆనించి, ముందు 3 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టి తర్వాత పెద్దది చేయండి. రేకు డబ్బాకు లోపలినుంచి బయటికి మేకు కొట్టండి. బయటినుంచి కొడితే లోపల అంచు పైకి లేచి, దాని చుట్టూ నీరు నిలుస్తుంది.

అడుగున గులకరాళ్లు, పెంకులు వేస్తే నీరు బాగా పోతుంది కదా?

పోదు. సన్నటి మట్టిలోంచి నీరు కింది రాళ్ల ఖాళీల్లోకి సులువుగా దిగదు. మట్టి అడుగు పొర పూర్తిగా తడిసి నిండాకే చుక్కగా జారుతుంది. అంటే ఎప్పుడూ తడిగా ఉండే పొర రాళ్ల ఎత్తుమేర పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది. పైగా అంతమేర మట్టి తగ్గుతుంది. బెజ్జాల మీద దోమతెర ముక్కో కొబ్బరిపీచో పరిస్తే మట్టి జారకుండా ఉంటుంది, అంతకుమించి అక్కర్లేదు.

పెరటి మట్టి ఒక్కటే నింపితే ఏమవుతుంది?

నేలలో గుల్లగా ఉన్న మట్టే డబ్బాలోకొచ్చేసరికి గట్టిపడుతుంది. నేలలో వానపాములు, లోతుకు దిగిన వేళ్లు దాన్ని తెరుస్తూ ఉంటాయి. డబ్బాలో ఆ పని చేసేవి ఉండవు, రోజూ పడే నీరు మట్టిని అణుస్తుంది. కొన్ని వారాల్లో పైన పెచ్చు కట్టి, పక్కన గోడ వదిలి, మధ్యలో ఇటుకలా తయారవుతుంది.

మట్టి మిశ్రమం పాళ్లు కచ్చితంగా చెప్పండి.

20 లీటర్ల బకెట్‌కు 7 లీటర్ల జల్లించిన మట్టి, 6 లీటర్ల బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, 6 లీటర్ల తడిపిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), గుప్పెడు వేపపిండి (దాదాపు 50 గ్రాములు). మీది బంకమట్టి అయితే మట్టి 4 లీటర్లకు తగ్గించి 3 లీటర్ల ముతక ఇసుక కలపండి. కొద్దిగా తడిపి పిడికిట్లో నొక్కి చూడండి: ముద్ద కట్టాలి, వేలితో పొడవగానే విడిపోవాలి. విడిపోకపోతే బంక ఎక్కువైనట్టు, అసలు ముద్దే కట్టకపోతే ఇసుకో పీచో ఎక్కువైనట్టు. పైన 3 సెం.మీ. ఖాళీ వదలండి, నీళ్లు నిలిచి ఇంకడానికి ఆ జాగా కావాలి. మొదటి రెండు వారాల్లో మట్టి దిగుతుంది, కంగారుపడకుండా పైన ఎరువు వేసి సరిచేయండి.

సముద్రపు ఇసుక వద్దు, ఉప్పుతో మొక్క మాడుతుంది.

కోకోపీట్ దిమ్మను నేరుగా వాడొచ్చా?

ముందు నానబెట్టి కడగాలి. 5 కిలోల దిమ్మ నీళ్లు పీల్చుకుంటే 60–70 లీటర్ల దాకా ఉబ్బుతుంది, అంచేత పెద్ద టబ్బు తీసుకోండి. కొబ్బరిపీచులో ఉప్పు మిగిలి ఉండటం మామూలే. రెండు మూడుసార్లు నీళ్లు మార్చి పిండితే చాలావరకు పోతుంది. కోకోపీట్ నీటిని పట్టి ఉంచుతుంది తప్ప ఆహారం ఇవ్వదు. అదొక్కటే నింపితే మొలక బాగా వచ్చి, మూడో వారంలో ఆకులు పాలిపోతాయి.

మేడమీద ఇన్ని బకెట్లు పెడితే బరువు ఆగుతుందా?

మట్టి కలిపిన 20 లీటర్ల బకెట్ తడిసినప్పుడు 22–28 కిలోలు తూగుతుంది. చదరపు మీటరులో నాలుగు పెడితే సుమారు 100 కిలోలు. బరువైనవాటిని గోడల వారన, దూలాల మీదుగా సర్దండి, స్లాబు నడిమధ్యన గుమిగూర్చొద్దు. కోకోపీట్ పాలు పెంచితే బరువు తగ్గుతుంది. స్లాబు పాతదైనా, పగుళ్లున్నా, పదుల సంఖ్యలో బకెట్లు పెట్టాలనుకున్నా ముందు ఇంజినీరుకు చూపించండి.

వంటింటి చెత్త తిన్నగా కుండీలో వేస్తే ఎరువు కాదా?

చివరికి ఎరువే అవుతుంది, ఈలోపు మొక్కను ఇబ్బంది పెడుతుంది. కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, వేళ్లకు గాలి అందదు, ఈగలు, ఎలుకలు చేరతాయి. వేరే బకెట్‌లో కంపోస్టు చేసుకోండి. మూతకు, పక్కలకు, అడుగుకు బెజ్జాలు వేసి, ఒక వంతు కూరగాయల తొక్కలకు రెండు మూడు వంతుల ఎండుటాకులు లేదా చింపిన అట్టముక్కలు వేయండి. తేమ గట్టిగా పిండిన తడిగుడ్డలా ఉండాలి. నాలుగైదు రోజులకోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో తయారవుతుంది. దుర్వాసన వస్తే తడి ఎక్కువైనట్టే, ఇంకా ఎండుటాకులు కలపండి. ఉప్పు వేసి వండిన ఆహారం, మాంసం, నూనె అందులో వేయొద్దు.

## విత్తనం, నారు

గుడ్ల అట్టలో నారు పోస్తే ఎండిపోతోంది, ఎందుకని?

మట్టికి పైన మిగిలిన అట్ట అంచు ఒత్తిలా నీటిని పైకి పీల్చి గాలికి వదిలేస్తుంది. నింపాక ఆ అంచుని మట్టి మట్టానికి కత్తిరించండి. గుడ్ల అట్ట గుంట చాలా చిన్నది కూడా, రెండు నిజమైన ఆకులు (మొలకతో వచ్చే మొదటి జత తర్వాత వచ్చేవి) రాగానే మార్చేయాలి. మిరప, వంగ లాంటి నిదానంగా పెరిగే నారుకు పెరుగు కప్పులే నయం.

విత్తనం ఎంత లోతులో వేయాలి?

గింజ మందానికి రెండు మూడు రెట్లు. టమాటా, మిరపకు అర సెంటీమీటరు, చిక్కుడు, బెండకు 2 సెం.మీ. తోటకూర విత్తనాలను పైన చల్లి, గుప్పెడు సన్నటి మట్టి రాల్చితే చాలు. వేశాక మగ్గుతో నీళ్లు గుమ్మరిస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. సీసా మూతకు సన్నటి బెజ్జాలు వేసి చిలకరించండి.

ధనియాలు వేసి వారమైంది, ఒక్కటీ మొలవలేదు.

ఇంకో వారం ఆగండి, 8–15 రోజులు పట్టడం సహజం. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. చేత్తోనో చెప్పుతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి వేస్తే మొలక తొందరగా వస్తుంది. పొడి అయ్యేలా నలిపితే గింజే పోతుంది. బాగా పాతవైనా, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటినా మొలక తగ్గుతుంది. కొత్తిమీరను వేరే చోటికి మార్చి నాటొద్దు, మొలిచిన చోటే పెరగనివ్వండి.

నారు సన్నగా సాగి పడిపోతోంది.

రెండు వేర్వేరు జబ్బులు ఇలాగే కనిపిస్తాయి. కాడ పొడవుగా, పాలిపోయి, వెలుతురు వైపు వంగితే ఎండ చాలనట్టు. కాడ మట్టి దగ్గర నల్లబడి, దారంలా సన్నబడి, ఒక్కసారిగా ఒరిగితే అది నారుకుళ్లు అనే శిలీంధ్ర తెగులు. మొదటిదానికి వెలుతురు పెంచండి. రెండోది పడిన మొక్క బతకదు. దాన్ని తీసేసి, మిగతావాటికి నీళ్లు తగ్గించి, గాలి తగిలేలా పెట్టండి. కిందటిసారి వాడిన కప్పుల్ని కడక్కుండా నారు పోయడం వల్ల ఇది ఎక్కువగా వస్తుంది.

నారు మొక్కను డబ్బాలోకి ఎప్పుడు మార్చాలి?

నాలుగైదు నిజమైన ఆకులు వచ్చాక, సాధారణంగా 25–30 రోజులకు. అంతకుముందు వారం రోజులు ఎండకు అలవాటు చేయండి: మొదటి రోజు గంట, రోజూ ఇంకొంచెం. సాయంత్రం నాటండి. టమాటాని మొదటి ఆకుల దాకా లోతుగా పాతొచ్చు, కాడ పొడవునా వేళ్లు వస్తాయి. మిరపను, వంగను మునుపున్న లోతులోనే నాటండి.

కొనుక్కొచ్చిన టమాటా గింజలు వేస్తే కాయవా?

కాస్తాయి, కాకపోతే తల్లిలా కాస్తాయని నమ్మకం లేదు. అమ్మకానికొచ్చే కాయల్లో చాలావరకు హైబ్రిడ్లే, వాటి గింజల్లో ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. సరదాకైతే వేయండి, ఉన్న రెండు బకెట్లనూ వాటికే ఇవ్వొద్దు.

## రోజువారీ సంరక్షణ

రోజుకు ఎన్నిసార్లు నీళ్లు పోయాలి?

లెక్కపెట్టి పోయడం వల్లే ఎక్కువ మొక్కలు చస్తాయి. వేలు 3 సెం.మీ. లోపలికి దించండి. పొడిగా ఉంటే అడుగు బెజ్జాల్లోంచి నీరు కారేదాకా పోయండి, తడిగా ఉంటే ఆ రోజుకు వదిలేయండి. కోకోపీట్ ఎక్కువున్న డబ్బాలో పైన పొడిగా కనిపించినా కింద తడి ఉంటుంది. చిన్న డబ్బాని ఎత్తి చూస్తే బరువునుబట్టి తెలిసిపోతుంది. రోజూ పైపైన కాస్త చిలకరిస్తే వేళ్లు పైపొరలోనే ఉండిపోయి ఒక్క ఎండకే వాడతాయి.

నీళ్లు పోయగానే కిందికి కారిపోతున్నాయి, మొక్క మాత్రం వాడిపోతోంది.

మట్టి పూర్తిగా ఎండి గోడను వదిలేసింది. పోసిన నీరంతా ఆ సందులోంచి జారిపోతోంది, మధ్య ముద్ద తడవడం లేదు. డబ్బాని నీళ్లున్న టబ్బులో అరగంట కూర్చోబెట్టండి, బుడగలు రావడం ఆగితే తడిసినట్టు. ఎత్తలేనంత పెద్దదైతే పుల్లతో మట్టిలో అక్కడక్కడ గుచ్చి, కొద్దికొద్దిగా పది నిమిషాల ఎడంతో మూడుసార్లు పోయండి. తర్వాత సందుల్లో మట్టి కూరండి.

వారం రోజులు ఊరెళ్తే మొక్కలకు నీళ్లెలా?

ముందు డబ్బాలన్నిటినీ నీడలో దగ్గరదగ్గరగా చేర్చండి, దాంతోనే నీటి అవసరం బాగా తగ్గుతుంది. పక్కన ఒక బకెట్ నీళ్లు కాస్త ఎత్తులో పెట్టి, పాత టీషర్టు గుడ్డని పేలికలుగా చింపి మెలిపెట్టి, ఒక కొస నీళ్లలో, రెండో కొస మట్టిలో 5 సెం.మీ. లోతున పాతండి. పేలికను ముందే తడపాలి, పొడి గుడ్డ నీటిని లాగడం మొదలుపెట్టదు. చిన్న డబ్బాకైతే లీటరు సీసా మూతకు 1 మి.మీ. బెజ్జం ఒకటి రెండు వేసి తలకిందులుగా గుచ్చినా కొన్నిసార్లు బాగా పనిచేస్తుంది, కొన్నిసార్లు గంటలోనే ఖాళీ అవుతుంది. ఏ పద్ధతైనా బయల్దేరేముందు రెండు రోజులు నడిపి చూసుకోండి.

మా బాల్కనీలో ఎండ మూడు గంటలే వస్తుంది, ఏం పెంచొచ్చు?

పుదీనా, పాలకూర, కొత్తిమీర, ఉల్లికాడలు వస్తాయి. టమాటా, మిరప, వంగ, బెండకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుగా ఎండ కావాలి. ఎండ లోటుని ఎరువుతో పూడ్చలేం.

ఎండాకాలంలో ప్లాస్టిక్ డబ్బా కాలిపోతోంది, మొక్కకు ఏమవుతుంది?

మట్టి 35 డిగ్రీలు దాటితే చాలా కూరగాయల వేళ్లు మందగిస్తాయి, 40 దగ్గరికొస్తే చివర్లు మాడతాయి. తడి ఉన్నా మధ్యాహ్నం మొక్క వాడితే కారణం ఇదే కావొచ్చు. నల్ల డబ్బాలకు తెల్ల సున్నం పూయండి. ఒక డబ్బాని కాస్త పెద్ద డబ్బాలో దించి మధ్యలో ఎండుటాకులు కూరితే ఇంకా బాగా ఆగుతుంది. మట్టి పైన 3 సెం.మీ. మందాన ఎండుటాకులు పరవండి. మిట్టమధ్యాహ్నం నీళ్లు పోయాల్సొస్తే పైపులో నిలిచి కాగిన నీటిని ముందు బయటికి వదిలేయండి.

ఎరువు ఎన్నాళ్లకోసారి వేయాలి?

నీళ్లు పోసిన ప్రతిసారీ పోషకాలు కొంత కారిపోతాయి కాబట్టి డబ్బా మొక్కకు నేల మొక్క కంటే తరచుగా కావాలి. 20 లీటర్ల బకెట్‌కు 15–20 రోజులకోసారి రెండు గుప్పెళ్ల కంపోస్టు వేసి పైమట్టిలో కలపండి. రసాయన ఎరువు వాడేవాళ్లు యూరియా లీటరు నీటికి 1 గ్రాము మించొద్దు, తడి మట్టి మీదే పోయండి. పూత మొదలయ్యాక నత్రజని (యూరియా ఇచ్చేది ఇదే) తగ్గించండి.

అరటితొక్క నీళ్లు, గుడ్డుపెంకులు నిజంగా పనిచేస్తాయా?

చెప్పుకున్నంత కాదు. తొక్కలు నానబెట్టిన నీటిలో కాస్త పొటాషియం దిగుతుంది, అంతే. కంపోస్టులో వేస్తే దాని విలువ మొత్తం దక్కుతుంది. పెంకుల్లో కాల్షియం ఉంది కానీ ముక్కలుగా వేస్తే ఏడాదైనా కరగదు. ఎండబెట్టి మెత్తటి పొడి చేస్తేనే ఏదో కొంత ప్రయోజనం. వాడిన టీపొడిని చక్కెర, పాలు పోయేలా కడిగి, ఆరబెట్టి వేయండి.

డబ్బాల కింద నిలిచిన నీటిలో దోమలు పుడుతున్నాయి.

గుడ్డునుంచి దోమ కావడానికి వెచ్చటి వాతావరణంలో వారం పది రోజులు చాలు. కింది పళ్లేలను రెండు మూడు రోజులకోసారి కుమ్మరించి, అంచుల్ని రుద్ది కడగండి, గుడ్లు గోడకు అంటి ఉంటాయి. వాడని బకెట్లను బోర్లించండి.

## తేడా కనిపించినప్పుడు

ఆకులు పసుపు పచ్చగా మారుతున్నాయి, ఏం తక్కువైంది?

ఏ ఆకులో ముందు చూడండి. కింది ముదురు ఆకులు వరసగా పాలిపోతుంటే నత్రజని లోటు, కంపోస్టు వేయండి. పైన లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉన్నా, క్షారగుణం ఎక్కువైనా నీరు నిలిచినా వేళ్లు దాన్ని తీసుకోలేవు. మొక్క మొత్తం పసుపెక్కి, మట్టి తడిగా ఉండి, కుళ్లు వాసన వస్తే వేరుకుళ్లు. అప్పుడు ఎరువు వేయడం చంపడమే. బెజ్జాలు మూసుకుపోయాయేమో చూసి తెరవండి, మట్టి ఆరేదాకా నీళ్లు ఆపండి. అడుగున ఒకటి రెండు ముసలి ఆకులు పండిపోతే పట్టించుకోనక్కర్లేదు.

పూత వస్తోంది, కాయ నిలవకుండా రాలిపోతోంది.

టమాటాకు పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి చల్లబడకపోయినా పుప్పొడి దెబ్బతిని పూలు రాలతాయి. వాతావరణం మారేదాకా చేయగలిగింది నీడ కట్టడమే. ఆకు ముదురాకుపచ్చగా ఏపుగా ఉండి పూత నిలవకపోతే నత్రజని ఎక్కువైంది. పైఅంతస్తుల్లో గాలి, తేనెటీగలు తక్కువైతే పొద్దున పూలగుత్తిని వేలితో మెల్లగా తట్టండి. సొర, కాకర, బీర తీగలకు ముందు మగపూలే వస్తాయి, అవి రాలడం మామూలే. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు రేకలు తుంచి, పుప్పొడి ఆడపువ్వు మధ్యలో అంటించండి. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దానికి అప్పుడే చేయాలి.

టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుతోంది.

పురుగూ కాదు, తెగులూ కాదు. కాయ చివరికి కాల్షియం అందక వచ్చేది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్లు ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచెత్తడంతో అది కాయదాకా చేరదు. నీళ్లు సమంగా ఇచ్చి, ఎండుటాకులు పరిస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. ఎప్సమ్ ఉప్పు వేయొద్దు, అందులోది మెగ్నీషియం. ఎక్కువైతే కాల్షియానికి అడ్డుపడుతుంది కూడా.

మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి, వేపనూనె కొట్టినా తగ్గలేదు.

ముడత తీరు చూడండి. అంచులు పైకి పడవలా ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1–2 మి.లీ. ద్రవ సబ్బు కలిపి, సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా వారానికోసారి మూడు వారాలు కొట్టాలి. ముందు ఒక ఆకు మీద చల్లి మర్నాడు చూడండి. ఒక్కసారి పైపైన కొట్టి వదిలేయడమే చాలామంది విషయంలో జరిగేది. ముడుచుకున్న ఆకు మళ్లీ విచ్చుకోదు, కొత్త చిగుళ్లు బాగున్నాయా అన్నదే కొలత. మొక్క గిడసబారి, ఆకులు చిన్నవై పసుపు మచ్చలు పడితే అది వైరస్. దానికి మందు లేదు, పీకేయండి.

కాడల మీద దూదిలాంటి తెల్లటి పురుగు పట్టింది.

పిండినల్లి. తక్కువగా ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి, ఎక్కువుంటే కొమ్మ కత్తిరించి మూటకట్టి పారేయండి. చీమలు మొక్క ఎక్కుతుంటే అవే వీటిని మోసుకొచ్చి కాపాడతాయి. బకెట్ అంచు చుట్టూ గ్రీజు పూస్తే దారి తెగుతుంది.

మట్టి మీద తెల్లటి పొర కడుతోంది.

గీకితే గరగరమని రాలితే ఉప్పు, మెత్తగా దారాల్లా ఉంటే బూజు. బూజు హానిచేయదు, పైమట్టి కదిపి ఆరనివ్వండి. ఉప్పు అయితే పొర తీసేసి, డబ్బా పరిమాణానికి రెండింతల నీరు నిదానంగా పోసి కిందినుంచి పారనివ్వండి. తర్వాత వారం ఎరువు వేయొద్దు.

## పంట అయిపోయాక

పాత మట్టిని మళ్లీ వాడొచ్చా?

వాడాలి కూడా. వేళ్లు తీసి, ముద్దలు చిదిపి, షీటు మీద పల్చగా పరిచి నాలుగైదు రోజులు ఎండనివ్వండి. మూడు వంతుల మట్టికి ఒక వంతు కంపోస్టు, బకెట్‌కు గుప్పెడు వేపపిండి కలపండి. టమాటా, మిరప, వంగ, బంగాళాదుంప ఒకే కుటుంబం. ఇవి ఉన్న బకెట్‌లో మళ్లీ ఇవే వేయకుండా చిక్కుడో ఆకుకూరో వేయండి. పీకినప్పుడు వేళ్ల మీద ఉబ్బిన ముడులు కనిపిస్తే అవి నులిపురుగులు. ఆ మట్టిని తడిపి, పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పల్చగా కట్టి, మంచి ఎండల్లో ఆరు వారాలు ఉంచాకే కలపండి. చిక్కుడు వేళ్ల మీద ఉండే గుండ్రటి గులాబీ రంగు బుడిపెలు మాత్రం మంచివి, గోటితో తీస్తే ఊడివస్తాయి. నులిపురుగు ముడి వేరులో భాగమై ఉంటుంది, ఊడదు.

డబ్బాని ఎప్పుడు మార్చేయాలి?

బొటనవేలితో పక్క గోడ నొక్కండి. వంగి వెనక్కి వస్తే ఇంకా బలం ఉన్నట్టే. చిటచిటలాడినా, చేతికి తెల్లటి పొడి అంటినా ఆ పంట అవగానే ఖాళీ చేయండి, ఇంకో పంట దాకా ఆగితే ముక్కలు మట్టిలో కలుస్తాయి. నిండా మట్టి ఉన్న పాత బకెట్‌ని పిడి పట్టి లేపొద్దు. ముందు ఊడేది పిడి మొదలే, కిందినుంచి రెండు చేతులా పట్టుకోండి.